పల్లేరుకాయలూ కల్చర్ రిపోర్టూ

ఎండలు ముదిరాయంటే నా టైలరింగ్ షాపులో జాకెట్ల కంటే బార్లీ గురించే ఎక్కువ మాటలు నడుస్తాయి. మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా బోర్డరు పక్కనే ఉన్న ఊరు. షాపుకి తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ వస్తారు, కొండల మీంచి దిగే సవర ఆడవాళ్ళు వస్తారు, పాతపట్నం నుంచి బోర్డరు దాటి వచ్చే పాత ఖాతాలు కొన్ని ఉన్నాయి. కొలతలు తీసుకునేటప్పుడు కర్టెన్ వెనకాల నాతో చెప్పే సంగతులు వీళ్ళు డాక్టరుకి కూడా చెప్పరు. అందులో తరచుగా వినేది ఇదే. ఒంటేలుకి వెళ్తే మంట, వెళ్ళొచ్చిన ఐదు నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించడం, తీరా వెళ్తే నాలుగు చుక్కలు, పొత్తికడుపులో పీకుతున్నట్టు నొప్పి.

"ఏటి వదినా, మొహం అలాగుంది?" అని ఎవరో అడుగుతారు. "వేడి చేసీసిందే" అని జవాబు. ఇక అక్కడున్న నలుగురూ వైద్యులైపోతారు. బార్లీ కాచి తాగమని ఒకరు, ధనియాలు రాత్రి నానబెట్టి పొద్దున్నే వడకట్టి పటికబెల్లం కలుపుకోమని ఒకరు, సబ్జా గింజలని ఒకరు, చలవ మిరియాలు నూరి పాలల్లో తాగమని ఇంకొకరు. కొండపిండాకు పప్పులో వేసుకోమంటారు. పక్క షాపు ఒడియా మావుసి అయితే పురుణి శాగ వండుకోమంటుంది, మనం గలిజేరు అంటామే, అది. ఇన్ని చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా "జ్వరం ఉందా?" అని అడగరు. ఈ పోస్టు రాయడానికి అదే కారణం.

ముందే చెప్పేస్తున్నా, ఈ వైద్యాలన్నీ పనికిమాలినవని నేను అనడం లేదు. నేనూ బార్లీ తాగుతాను, మా ఇంట్లో పల్లేరు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. కానీ అవి చేసే పని ఒకటి, మనం అవి చేస్తున్నాయనుకునే పని ఇంకొకటి. మంట తగ్గడం వేరు, ఇన్ఫెక్షన్ తగ్గడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నవాళ్ళు కిడ్నీ దాకా తెచ్చుకోవడం నేను దగ్గర నుంచి చూశాను.

వేడి చేసిందనడంలో నిజం లేకపోలేదు. మార్చి నుంచి జూన్ దాకా మా దగ్గర ఒళ్ళంతా చెమటే, తాగిన నీళ్ళు చర్మం మీదే అయిపోతాయి, మూత్రం చిక్కబడి ముదురు పసుపులోకి వస్తుంది, అప్పుడు ఏ క్రిమీ లేకుండానే మంట పుడుతుంది. ఆ మంట రెండు చెంబుల నీళ్ళకో, గ్లాసుడు మజ్జిగకో సాయంత్రానికి పోతుంది. చిక్కేమిటంటే ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే మంట కూడా మొదటి రోజు అచ్చం ఇలాగే ఉంటుంది. దీన్ని తెచ్చేది ఎక్కువసార్లు ఈ.కోలై అనే బ్యాక్టీరియా, నూటికి డెబ్భై అయిదు కేసుల పైనే దాని పనే. అది మన పేగుల్లో రోజూ ఉండేదే, అక్కడ ఏ గొడవా చెయ్యదు. మలద్వారం నుంచి పక్కకి జరిగి మూత్రనాళంలోకి చేరితేనే సమస్య. ఆడవాళ్ళకి ఆ నాళం పొడవు 4 సెంటీమీటర్లే, మగవాళ్ళకి 20 దాకా ఉంటుంది. ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందంటే అందుకే. దీనికి శుభ్రంగా లేకపోవడమొక్కటే కారణమనీ, నడవడిక బాగాలేకపోవడం కారణమనీ అనేవాళ్ళ నోరు మూయించడానికి ఈ నాలుగు సెంటీమీటర్ల లెక్క చాలు. కొత్తగా పెళ్ళయిన పిల్లలకి ఇది ఎక్కువగా వస్తుంది, డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. మన అత్తగార్లకే తెలియదు, పాపం ఆ పిల్లలు మంట పెట్టుకుని నోరు మెదపకుండా తిరుగుతుంటారు.

ఇప్పుడు వంటింటి సంగతి. బార్లీ, ధనియాలు, సబ్జా, కొబ్బరిబొండం, చోడి అంబలి, మన తరవాణి, ఒడియావాళ్ళ పొఖాళ నీళ్ళు, వీటన్నిటిలో గుణం చేసేది ముఖ్యంగా నీరే. మూత్రం పల్చబడుతుంది, మంట తగ్గుతుంది, ఎక్కువసార్లు వెళ్ళడం వల్ల కొంత బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. కొంత మాత్రమే, ఎందుకంటే ఈ.కోలైకి ఒంటి నిండా సన్నటి కొక్కేల్లాంటివి ఉంటాయి, వాటితో మూత్రాశయం గోడని పట్టుకుని కూచుంటుంది, నీళ్ళు పారినంత మాత్రాన మొత్తం ఊడిరాదు. ఉలవకట్టు గురించి కూడా చెప్పాలి. రాళ్ళు కరుగుతాయని ఉలవలు ఉడికించిన నీళ్ళు తాగిస్తారు. ఉలవలు వేడి అని చెప్పేదీ వాళ్ళే, వేడి వల్ల వచ్చిన మంటకి ఉలవకట్టు ఇచ్చేదీ వాళ్ళే! రాయి నొప్పి వేరు, డొక్కలోంచి గజ్జల్లోకి అలలు అలలుగా వచ్చి మనిషిని మెలితిప్పేస్తుంది. దాన్నీ దీన్నీ కలిపేసి ఒకే గిన్నెలో మందు కాయడం అంత తెలివైన పని కాదు.

పల్లేరు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు ఇష్టం కాబట్టి. సంతకి గుమ్మ వైపు నుంచి ఒక సవర అవ్వ వస్తుంది. అడ్డాకులు పరిచి కుప్పలు పోస్తుంది, ఒక కుప్ప పల్లేరుకాయలు, ఒక కుప్ప కరక్కాయలు, పక్కన నారతో కట్టిన సుగంధిపాల వేళ్ళు. వేరుని గోటితో గీరి మన ముక్కు దగ్గర పెడుతుంది, ఆ వాసన చూశాక కొనకుండా లేవడం కష్టం. పల్లేరుకాయల్ని మాత్రం చేత్తో ముట్టుకోదు, చేట అంచుతో తోసి కాగితంలోకి దొర్లిస్తుంది. కాయ ఎండాక ఐదు చెక్కలుగా విడిపోతుంది, ఒక్కో చెక్కకీ రెండు పెద్ద ముళ్ళు, హవాయి చెప్పుని కూడా గుచ్చుకుని పైకి వస్తాయి. ఇంటికి తెచ్చాక మా అత్త వాటిని రోట్లో కచ్చాపచ్చాగా దంచుతుంది, పిడికెడుకి నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి గ్లాసుడు మిగిలేదాకా సన్నసెగ మీద ఉంచుతుంది. పల్చటి టీ రంగు, కొంచెం జిగురు, నాలిక చివర కాస్త తీపి. చేదు కషాయాలతో పోలిస్తే దీన్ని తాగడానికి ఏడవక్కర్లేదు.

చరక సంహితలో మూత్రం సాఫీగా నడిపించే మూలికలు పది ఒకచోట చేర్చి చెప్పారు, పల్లేరు అందులో ఉంది, పాషాణభేదం, దర్భ, కుశ కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళు పల్లేరుని నెత్తిన పెట్టుకోవడం ఊరికే కాదన్నమాట. కానీ ఆ పుస్తకం చెప్పిన పని మూత్రం నడిపించడం. క్రిమిని చంపే పని మనం దానికి అంటగట్టాం. ఇన్ఫెక్షన్ ఖాయమైనవాళ్ళకి యాంటీబయోటిక్ బదులు పల్లేరు ఇచ్చి ఊరుకోమని చెప్పేంత ఆధారం లేదు. నాకు తెలిసిన ఆయుర్వేదం డాక్టరు ఒకాయన కూడా పల్లేరు చూర్ణం రాసే ముందు యూరిన్ టెస్ట్ రిపోర్టు చూపించమంటాడు, మంచి వైద్యుడికి ఇదే గుర్తు అని నా అభిప్రాయం.

"మరి కషాయం తాగితే తగ్గింది కదా" అంటారు. తగ్గుతుంది, నిజమే. జర్మనీలో ఒక పరీక్ష చేశారు, 2015లో అచ్చయింది. మామూలు మూత్రాశయం ఇన్ఫెక్షన్ వచ్చిన ఆడవాళ్ళలో సగం మందికి యాంటీబయోటిక్, మిగతా సగానికి మొదట ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర మాత్రమే ఇచ్చారు. నొప్పి మాత్ర వేసుకున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి యాంటీబయోటిక్ అవసరమే రాలేదు, ఒంట్లో శక్తే క్రిమిని తరిమేసింది. ఆ రెండు వంతుల మందిలో ఎవరైనా ఆ రోజుల్లో పల్లేరు తాగి ఉంటే పేరు పల్లేరుకి వచ్చేది, తాయెత్తు కట్టుకుని ఉంటే తాయెత్తుకి వచ్చేది. ఇంకో సంగతి కూడా ఆ పరీక్షలోనే ఉంది, మందు లేనివాళ్ళు మంటతో ఎక్కువ రోజులు బాధపడ్డారు, కిడ్నీ దాకా పాకిన ఆ కొద్దిమందిలో ఎక్కువమంది ఈ గుంపువాళ్ళే. వాళ్ళందరూ డాక్టర్ల కనుసన్నల్లో ఉన్నవాళ్ళు, జ్వరం రాగానే పట్టుకున్నారు. మన ఇళ్ళల్లో ఆ పట్టుకునేవాళ్ళు ఎవరు?

మా చిన్న ఆడపడుచుకి జరిగింది ఇదే. మంట మొదలైంది, బార్లీ తాగింది, పల్లేరు తాగింది. మందుల షాపుకి వెళ్తే తియ్యటి సిరప్ ఒకటి ఇచ్చారు, మూత్రంలో పులుపు తగ్గించే సిట్రేట్ సిరప్, రెండు మూతలు నీళ్ళల్లో కలుపుకుని తాగేది. దానితోపాటు చీటీ లేకుండానే రెండు పూటలకి నార్ ఫ్లాక్సాసిన్ మాత్రలు. మంట పోయింది, అందరం హాయిగా ఉన్నాం. తర్వాత వారంలోనే ఒక రాత్రి పళ్ళు టకటకలాడే చలి, దుప్పటి మీద దుప్పటి. మా గజపతి జిల్లాలో చలిజ్వరం అంటే ముందు మలేరియానే గుర్తొస్తుంది, ఆ టెస్టు చేయిస్తే లేదన్నారు. వాంతులు మొదలయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఏం మాట్లాడకుండా వెనక్కి తిప్పి, నడుం పైన పక్కటెముకల దగ్గర పిడికిలితో మెల్లగా తట్టింది, పిల్ల మంచం మీంచి ఎగిరిపడింది. అప్పుడర్థమైంది అది కిడ్నీ అని.

మూత్రంలో ఉన్న క్రిమిని ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకి లొంగుతుందో చూసే టెస్టుని కల్చర్ అంటారు. ఆ రిపోర్టు వచ్చాక నేను దాన్ని చాలాసేపు చూశాను. పైన ఈ.కోలై, మిల్లీలీటరుకి లక్ష పైన అని రాసుంది. కింద మందుల పేర్లు వరసగా, ఒక్కోదాని ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఆమె మింగిన మాత్ర ఎదురుగా ఆర్ ఉంది. ఆ జాతి మందులకి మన దేశంలో ఈ.కోలై చాలావరకు మొండికేసింది, జలుబుకీ విరేచనాలకీ దేనికి పడితే దానికి షాపులో కొనుక్కుని రెండు వేసుకుని మానేసిన ఫలితం అది. నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటి పాత మందులు మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కి ఇంకా బాగా పనిచేస్తున్నాయి, మొదటిది ఐదు రోజుల కోర్సు, రెండోది 3 గ్రాముల పొడి ఒకే ఒక్క మోతాదు. కిడ్నీకి ఎక్కాక ఇవి చాలవు. సిరప్ గురించి కూడా ఒక మాట. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రం పుల్లగా ఉంటేనే బాగా పనిచేస్తుంది, ఆ పులుపు తీసేసే సిరప్‌ని మనంతట మనమే దానితో కలిపి తాగడం మంచిది కాదు, డాక్టరుని అడిగి తాగాలి.

శాంపిల్ ఇవ్వడం కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. ల్యాబ్‌లో కుర్రాడు చిన్న ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టి బాత్రూం వైపు చెయ్యి చూపిస్తాడు, అంతే. ముందు నీళ్ళతో కడుక్కోవాలి, మొదటి ధార వదిలెయ్యాలి, మధ్య ధార పట్టాలి, మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఇంటి దగ్గర పట్టుకెళ్తే రెండు గంటల్లోపల ఇచ్చెయ్యాలి, ఎండలో సంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగితే సీసాలోనే బ్యాక్టీరియా పెరిగి లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. యాంటీబయోటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి, వేసుకున్నాక ఇస్తే ఉన్న జబ్బు లేనట్టు వస్తుంది. ఫలితానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. మొదటిసారి వచ్చిన మామూలు మంటకి కల్చర్ అక్కర్లేదని డాక్టర్లు అంటారు, మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకి మాత్రం తప్పదు. ఇంకోటి, చీము కణాలు కనబడుతూ, కల్చర్‌లో ఏదీ పెరగక, నెలల తరబడి మంట తగ్గకపోతే మూత్రనాళాల టీబీ కూడా అయ్యుండొచ్చు, మన దేశంలో దాన్ని మర్చిపోకూడదు.

ఇప్పుడు ఉద్దానం మాట. మాకు బోర్డరు అవతలే శ్రీకాకుళం జిల్లా, పలాస దాటితే కవిటి, కంచిలి, సోంపేట, కొబ్బరితోటలే తోటలు. అక్కడ ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఎలా ఉందో తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, షుగరూ బీపీ లేని రైతుకూలీలకి కూడా కిడ్నీలు పోతున్నాయి, పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి కట్టారు. మాకు అటువైపు చుట్టరికాలు ఉన్నాయి. మా పెద్దమ్మ కొడుకుకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే పెరిగేది) ఎక్కువైందని తెలిసిన రోజు చుట్టాలందరూ చేసిన మొదటి పని కొబ్బరిబొండాలు తేవడం, సొంత చెట్టువి కదా, చలవ కదా అని. డాక్టరు చూసి తిట్టినంత పని చేశాడు. కొబ్బరినీళ్ళల్లో పొటాషియం ఎక్కువ, కిడ్నీ సరిగ్గా పనిచెయ్యనివాళ్ళు దాన్ని బయటికి పంపలేరు, రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. గలిజేరులో కూడా పొటాషియం లవణాలు దండిగా ఉన్నాయి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళు అసలే ముట్టుకోకూడదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ ఎక్కువుంటే ఈ చలవ వైద్యాల జాబితా వాళ్ళకి వర్తించదు, రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలన్నది కూడా డాక్టరే చెప్పాలి.

ఆకులూ వేళ్ళూ కదా హాని చెయ్యవనే మాట నాకు చిరాకు. ఈశ్వరి వేరు తెలుసు కదా, పాముకాటుకనీ, జ్వరాలకనీ కొండల్లో వాడతారు. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది కిడ్నీల్ని పాడుచేస్తుంది, మూత్రనాళాల క్యాన్సర్ తెస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని ఖాయంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో పెట్టింది. ఇది కూడా ప్రకృతి ఇచ్చిందే. సంతలో పేరు చెప్పకుండా "మూత్రం మంటకి మంచి వేరు" అని ఇచ్చేది ఏదైనా సరే నేను తీసుకోను, ఎంత నమ్మకస్తురాలు ఇచ్చినా. బస్టాండుల దగ్గర అమ్మే భస్మాల జోలికి అసలే పోను. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే అయిదో వంతులో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడింది, అవి పెట్టెల్లో సీలు వేసి అమ్మినవి. పేరూ ఊరూ లేని పొట్లం గురించి ఇంక చెప్పేదేముంది.

క్రాన్‌బెర్రీ గురించి మా అమ్మాయి స్నేహితురాళ్ళు అడుగుతుంటారు. ఇది ఉత్తర అమెరికా పండు, దీని మీద మాత్రం పరీక్షలు బాగానే జరిగాయి. వైద్య పరీక్షల ఫలితాలన్నీ ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2023లో 50 పరీక్షల్ని, దాదాపు 8,900 మందిని కలిపి చూశారు. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళలో అది మళ్ళీ రావడం నాలుగో వంతు దాకా తగ్గింది, పిల్లల్లో ఇంకా ఎక్కువ తగ్గింది. గర్భిణులకీ, వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళకీ లాభం కనబడలేదు. ఇది ఈ.కోలై గోడకి అంటుకోకుండా అడ్డుపడుతుంది, అంటే రాకుండా కాపాడడానికే, వచ్చాక తాగితే ప్రయోజనం లేదు. బజారులో దొరికే జ్యూసులో పంచదార ఎక్కువ, షుగరున్నవాళ్ళు జాగ్రత్త. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టకూడదు. మన వాక్కాయ క్రాన్‌బెర్రీ కాదు, చుట్టరికం కూడా లేదు. వాక్కాయని పంచదార పాకంలో వేసి ఎర్రరంగు పట్టించి బేకరీల్లో చెర్రీ అని అమ్ముతారు, ఆన్‌లైన్‌లో క్రాన్‌బెర్రీ పేరుతో అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. వాక్కాయ పప్పు వండుకోండి, బ్రహ్మాండంగా ఉంటుంది, మూత్రాశయం కోసం మాత్రం కొనకండి. డీ-మ్యానోజ్ అనే పొడి గురించి కూడా వీడియోల్లో ఊదరగొడుతున్నారు. బ్రిటన్‌లో 598 మంది ఆడవాళ్ళకి ఆరు నెలలు ఇచ్చి చూశారు, 2024లో ఫలితం వచ్చింది, ఉత్తుత్తి పొడికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంత ఖరీదు పెట్టి కొనడం దండగ.

మంచినీళ్ళకి కూడా మంచి ఆధారం ఉంది. బల్గేరియాలో 140 మంది ఆడవాళ్ళని తీసుకున్నారు, అందరూ తరచూ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ళే, రోజుకి లీటరున్నర కంటే తక్కువ తాగేవాళ్ళే. సగం మందిని అదనంగా ఇంకో లీటరున్నర తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి ఎక్కువ నీళ్ళు తాగినవాళ్ళకి సగటున 1.7 సార్లు, తాగనివాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. 2018లో వచ్చిన ఫలితం ఇది. వేరు కాదు, ఆకు కాదు, కుండలో నీళ్ళు.

మరి నీళ్ళు తాగడానికి మన ఆడవాళ్ళకి అడ్డేమిటి? దాహం లేక కాదు, తాగితే ఎక్కడికి వెళ్ళాలో తెలియక. మా షాపుల వరసలో మగవాళ్ళు వెనక గోడ దగ్గరికి పోయి వచ్చేస్తారు. మేం పొద్దున్న షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ, ఆపుకుంటూ కూచోవాలి. దసరా ముందు, సంక్రాంతి ముందు పని తెమలక మరీ ఘోరం. శ్రీకాకుళం ఆసుపత్రికి బస్సులో వెళ్ళాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేసే ఆడవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు, మూత్రం మంటకి చూపించుకోవడానికి వెళ్తూ కూడా! స్కూల్లో బాత్రూంకి తలుపు లేదని సాయంత్రం దాకా ఆపుకునే ఆడపిల్లలు ఇంటికొచ్చి మంట అంటే వాళ్ళమ్మ సబ్జా నానబెడుతుంది. ఆ పిల్లకి కావలసింది సబ్జా కాదు, గడియపెట్టే తలుపు. గంటలకొద్దీ ఆపుకుంటే లోపలున్న బ్యాక్టీరియా అక్కడే పెరుగుతుంది, దానికి ఏ కషాయమూ సమాధానం కాదు. మా వరసలో ఆడవాళ్ళం చివరికి వెనక ఇంటావిడతో మాట్లాడుకుని నెలనెలా ఇంత అని డబ్బులిచ్చి వాళ్ళ బాత్రూం వాడుకుంటున్నాం. తాళంచెవి నా మిషన్ డ్రాయర్‌లో ఉంటుంది. ఈ వైద్యానికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు గానీ బార్లీ మాటలు మా వరసలో బాగానే తగ్గాయి.

చిన్న చిన్నవి ఇంకొన్ని. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి. భార్యాభర్తలు కలిశాక ఒకసారి ఒంటేలుకి వెళ్ళి రావడం, దీనికి ఖర్చూ లేదు, నష్టమూ లేదు. డెట్టాల్ నీళ్ళతో, వేపాకు నీళ్ళతో, టీవీలో చూపించే వాష్‌లతో లోపల కడగొద్దు, అక్కడుండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి చెడ్డదానికి దారి ఇచ్చినట్టవుతుంది. పెరుగు తినండి, పూసుకోవద్దు. దురద, తెల్లటి పెరుగుముక్కల్లాంటి స్రావం ఉంటే అది ఫంగస్, దాని మందు వేరు.

జ్వరం, చలి, డొక్కనొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా కషాయం గిన్నె పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణి అయితే మంటతోనే వెళ్ళాలి. వాళ్ళకి మంట లేకుండా పరీక్షలో మాత్రమే బ్యాక్టీరియా కనబడినా మందు ఇస్తారు, లేకపోతే కిడ్నీకి ఎక్కే ప్రమాదం ఎక్కువ. షుగరున్నవాళ్ళు, మగవాళ్ళు, చిన్నపిల్లలు, రాళ్ళున్నవాళ్ళు కూడా ఇంటివైద్యంతో కాలక్షేపం చెయ్యకూడదు. పసిపిల్లలయితే మంట అని చెప్పలేరు, కారణం తెలియని జ్వరమే గుర్తు. మిగతా ఆడవాళ్ళు, ఒంట్లో ఇంకే తేడా లేనివాళ్ళు, నీళ్ళూ బార్లీ తాగుతూ ఒకట్రెండు రోజులు చూస్తే చూడొచ్చు, అంతకు మించి వద్దు.

పెద్దవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గి యోని దగ్గర చర్మం పల్చబడుతుంది, పొడిబారుతుంది, కాపలా కాసే మంచి బ్యాక్టీరియా తగ్గిపోతుంది, అందుకే అరవై దాటినవాళ్ళకి ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. దీనికి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, మళ్ళీ రాకుండా ఆపడంలో దాని ఫలితం బాగుంటుందని పరీక్షల్లో తేలింది, రొమ్ము క్యాన్సర్ లాంటివి ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే వాడాలి. మా అత్తకి ఆ క్రీమ్ రాసిచ్చినప్పుడు "ఈ వయసులో నాకు క్రీములేటే, నలుగురూ వింటే నవ్వుతారు" అని చీటీని పర్సు అడుగున దాచేసింది. చివరికి నేనే కొని తెచ్చాను. ఇప్పుడు రాసుకుంటోంది, పల్లేరు కషాయమూ మానలేదు, తనతోపాటు నాకూ ఒక గ్లాసు పోస్తుంది. ఆమె కిడ్నీ టెస్టులు బాగానే ఉన్నాయి కాబట్టి నేను కాదనలేదు. క్రీమ్ గొట్టం మాత్రం పొరుగువాళ్ళు చూడకుండా పోపుల డబ్బా వెనకాల పెడుతుంది, ఎక్కడైనా పెట్టుకోనీ.